గుర్రపుడెక్కకు ముక్కుతాడు!

* వడ్లగింజ కన్నా చిన్న పురుగు.. చెరువును మింగే కలుపునే తింటుంది
* నలభై ఏళ్ల కిందట బెంగళూరు చెరువుల్లో వదిలారు
* కలుపుతో పాటు దాన్నీ ఎత్తి గట్టున పారేస్తున్నాం

బెంగళూరు, హొసూరు: దూరం నుంచి చూస్తే పచ్చటి తివాచీ. దాని మీద లేత ఊదారంగు పూలు. ఫొటో తీసుకోవాలనిపించేంత అందం. నీళ్లలోకి దిగినవాడికే తెలుస్తుంది అసలు సంగతి. పుట్టి కదలదు. వల పడదు. తూము ఎత్తితే నీళ్ల కన్నా ముందు కాడలు, వేర్లు వచ్చి అడ్డం పడతాయి. అదే గుర్రపుడెక్క. హొసూరు వైపు తమిళులు ఆగాయత్తామరై అంటారు. కన్నడంలో అంతరగంగె అనేవాళ్లున్నారు. పేరేదైనా తీరు ఒక్కటే. చెరువులో ఒక మూల కనిపించిందంటే కొన్నాళ్లకు చెరువంతా దానిదే.

దీన్ని తీయడానికి పడని పాటు లేదు. కూలీలను పెట్టి లాగించారు. పొక్లెయిన్లు దించారు. నీటి మీద తేలుతూ కలుపు కోసే యంత్రాలు తెచ్చారు. తీసిన కొన్నాళ్లు చెరువు అద్దంలా ఉంటుంది. వానాకాలం దాటేసరికి మళ్లీ మామూలే. మళ్లీ టెండరు, మళ్లీ యంత్రం!

ఈ కలుపు గుండెల్లోనే దాని శత్రువు కాపురం ఉంటోందన్న సంగతి మాత్రం చెరువు గట్టున ఉండేవారిలోనే చాలామందికి తెలియదు. అది ఒక ముక్కు పురుగు. పొడవు నాలుగైదు మిల్లీమీటర్లు. పగలు కనిపించదు. చప్పుడు చేయదు. ఎవరూ జీతమివ్వక్కర్లేదు. గుర్రపుడెక్క తప్ప వేరే తిండి దానికి పట్టదు.

ముక్కు పురుగుల్లో మంచిదీ ఉంది

ముక్కు పురుగు అనగానే మనకు గుర్తొచ్చేవన్నీ చేటు చేసేవే. డబ్బాలో బియ్యం తొలిచేది ముక్కు పురుగే. కొబ్బరి చెట్టు మొవ్వు కుళ్లబెట్టే ఎర్ర ముక్కు పురుగూ ఆ కుటుంబానిదే. మామిడి టెంకలో దాక్కునే పురుగూ వాటి చుట్టమే. తల ముందుకు సాగి ఏనుగు తొండంలా, ముక్కులా ఉంటుంది. ఆ ముక్కు చివర నోరు. అందుకే ఆ పేరు.

గుర్రపుడెక్కను తినేవి ఈ కుటుంబంలోనే రెండు రకాలున్నాయి. శాస్త్రవేత్తలు ఒకదాన్ని నియోకెటినా ఐకార్నియే అని, రెండోదాన్ని నియోకెటినా బ్రూకీ అని పిలుస్తారు. మొదటిది బూడిద రంగులో మచ్చలు మచ్చలుగా ఉంటుంది. వీపు మీద రెండు చిన్న నల్లటి గీతలుంటాయి. రెండోది కాస్త గోధుమ రంగు. రెక్కల మీద అడ్డంగా లేత రంగు పట్టీ కనిపిస్తుంది. అవి ఒకే మొక్క మీద కలిసి బతకగలవు కూడా. వాటి సొంతూరు దక్షిణ అమెరికా. గుర్రపుడెక్కదీ అదే ఖండం. అక్కడ మొక్క ఉన్నచోట పురుగు కూడా ఉంటుంది కాబట్టి మొక్క హద్దులో ఉంటుంది.

గుర్రపుడెక్క మన దేశానికి 19వ శతాబ్దం చివర్లో బెంగాల్ దారిన వచ్చింది. పూలు బాగున్నాయని తోటల కొలనుల్లో పెంచుకున్నారు. మొక్క వచ్చింది. దాన్ని తినే పురుగు రాలేదు. అడిగేవాడు లేని ఊళ్లో ఆడిందే ఆట అయింది. నీళ్లు, ఎండ, ఎరువు మూడూ కుదిరితే రెండు వారాల్లోపే రెట్టింపవుతుంది. ఒక మొక్క పక్కకు పిలక వేస్తుంది. ఆ పిలక ఇంకో పిలక వేస్తుంది. విత్తనాలు అడుగు బురదలోకి జారి 15, 20 ఏళ్ల దాకా మొలకెత్తే శక్తితో పడి ఉంటాయి. ఈ ఏడు తీసేశాం, ఇక పీడ విరగడైంది అనుకోవడానికి లేదన్నమాట.

కాపురం మొవ్వులో.. పురుడు కాడలో

ఈ పురుగు ఎక్కడుంటుందో చూస్తే అది చేసే పని అర్థమవుతుంది. పెద్ద పురుగులు పగలంతా మొక్క మొవ్వులో, చుట్టుకుని ఉన్న లేత ఆకు మడతల్లో, కాడల మొదళ్లలో దాక్కుంటాయి. పొద్దు గూకాక బయటికొచ్చి ఆకుల పైపొర గీరుతాయి. అలా గీరినచోట రెండు మూడు మిల్లీమీటర్ల చతురస్రపు మచ్చలు పడతాయి. తినేది ఆకుపచ్చ పైపొరే అయినా, మచ్చలు పెరిగేకొద్దీ ఆకు నీటిని ఆపుకోలేక వాడిపోతుంది.

అసలు దెబ్బ తీసేవి మాత్రం పిల్లలు. ఆడ పురుగు ఆకు కాడను కొరికి లోపల గుడ్లు పెడుతుంది. వారం, పది రోజుల్లో పిల్లపురుగులు బయటికొస్తాయి. కాళ్లుండవు, తెల్లగా ఉంటాయి. కాడ లోపలే సొరంగం తవ్వుకుంటూ కిందికి, మొవ్వు దాకా వెళ్తాయి. గుర్రపుడెక్క నీటి మీద తేలేది ఎలా? ఉబ్బిన కాడల్లో గాలి ఉండబట్టే కదా. ఆ కాడలకు బెజ్జాలు పడితే లోపలికి నీళ్లు చేరతాయి. నీళ్ల వెంట బూజులు, కుళ్లు తెచ్చే సూక్ష్మజీవులూ చేరతాయి. కొత్త ఆకు రావడం తగ్గుతుంది. పూత తగ్గుతుంది. మొక్క పొట్టిగా, గిడసబారి, చివరికి బరువెక్కి నీటిలో మునిగిపోతుంది.

పెరగడం అయ్యాక పిల్లపురుగు నీటి కిందికి దిగుతుంది. సన్నటి వేరు పోగులతో ఒక చిన్న గూడు చుట్టుకుని వేరుకు అతుక్కుంటుంది. నీటి అడుగున ఊపిరెలా అంటారా? కొరికిన వేరు లోపలి గాలే దానికి ఆధారం. గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా మొత్తం సుమారు మూడు నాలుగు నెలలు. ఆకు, కాడ, మొవ్వు, వేరు.. పుట్టుక నుంచి చావు దాకా దాని లోకమంతా ఆ ఒక్క మొక్కే.

అందుకే దీని వల్ల పైరుకు భయం లేదు. వదలడానికి ముందు పలు దేశాల్లో రకరకాల పంట మొక్కల మీద పెట్టి పరీక్షించారు. గుర్రపుడెక్క లేనిచోట దీని సంతతి నిలవదు. చెరువు కింద వరి ఉన్నా, గట్టున అరటి ఉన్నా వాటి జోలికి పోదు.

అర్జెంటీనా నుంచి హెసరఘట్ట దాకా

అమెరికాలోని ఫ్లోరిడాలో కాలువలు, సరస్సులు గుర్రపుడెక్కతో నిండిపోయి అక్కడివాళ్లు మనకన్నా ముందే తల పట్టుకున్నారు. అర్జెంటీనాలో వెతికి ఈ పురుగులను తెచ్చుకున్నారు. 1972లో మొదటి రకాన్ని, 1974లో రెండో రకాన్ని నీటిలో వదిలారు. అక్కడి నుంచి 1982లో ఇవి బెంగళూరుకు వచ్చాయి. నగరానికి వాయవ్యాన ఉన్న హెసరఘట్టలో భారత ఉద్యాన పరిశోధన సంస్థ వీటిని పెంచింది. ఆ పనిలో కె.పి.జయంత్ అనే శాస్త్రవేత్త పేరు ముందుంటుంది. 1983, 84 నుంచి చుట్టుపక్కల చెరువుల్లో వదలడం మొదలైంది. బెళ్లందూరు, అగరం, బిడది దగ్గర వృషభావతి నది మీదున్న బైరమంగల వంటివి అందులో ఉన్నాయి.

మొదటి ఏడాది ఏమీ కనిపించలేదు. కొన్ని వేల పురుగులు, వందల ఎకరాల కలుపు. లెక్కేస్తే నవ్వొస్తుంది. కానీ అవి ఆగలేదు. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి కొన్ని చెరువుల్లో 90 శాతానికి పైగా కలుపు తగ్గినట్టు నమోదైంది. 1988లో జయంత్ ఆ ఫలితాన్ని విదేశీ పరిశోధన పత్రికలో ప్రచురించారు. చెరువు గట్టున బోర్డు లేదు, శిలాఫలకం లేదు. ఆ పని చేసిందెవరో నీళ్లు తోడుకునేవారికి తెలియను కూడా తెలియదు.

ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులోనూ ఈ పురుగులే దిగాయి. ఉగాండాలో 1995 చివర్లో, కెన్యాలో 1997లో వదిలారు. 1998 నాటికి వేల హెక్టార్లలో పరుచుకున్న గుర్రపుడెక్క తర్వాత రెండేళ్లలో చాలా వరకు కూలిపోయింది. పురుగులతో పాటు అప్పటి వాతావరణం కూడా తోడైందనే వాదన ఉంది. సరస్సులోకి ఎరువు నీళ్లు ఆగలేదు కాబట్టి కొన్నేళ్లకు కలుపు మళ్లీ తలెత్తింది. ఇక్కడే మన చెరువుల కథ కూడా మొదలవుతుంది.

మరి కలుపు ఎందుకు పోలేదు?

పురుగు ఉంటే ఇంకా ఈ తెట్టు ఎందుకుంది? న్యాయమైన ప్రశ్నే. దానికి కారణాలు మూడు.

మొదటిది మురుగు. గుర్రపుడెక్కకు నత్రజని, భాస్వరం అంటే ప్రాణం. ఇళ్ల మురుగులో, సబ్బు నీళ్లలో అవి పుష్కలం. మురుగు నీటిలో పెరిగిన మొక్కను తిని పురుగు కూడా బాగానే పిల్లలు పెడుతుంది. కానీ పురుగుకు ఒక తరం రావడానికి మూడు నెలలు కావాలి. మొక్కకు రెండు వారాలు చాలు. పరుగు పందెంలో ఒకరికి రోజూ పాలు పోసి, మరొకరిని గెలవమంటే ఎలా?

రెండోది మన తొందర. వానలకు ముందు చెరువు ఖాళీ చేయాలని ఒక్క కాడ మిగలకుండా తోడేస్తారు. మొక్కతో పాటు మొవ్వులో పెద్ద పురుగులు, కాడల్లో పిల్లలు, వేర్ల మీద గూళ్లు అన్నీ గట్టుకు చేరతాయి. ఎండకు మాడిపోతాయి. ఈ పురుగు మామూలుగా ఎగిరి దూరం పోయే రకం కాదు. అటు బురదలో విత్తనాలు మాత్రం భద్రం. కొత్త మొలకలు వచ్చేసరికి వాటిని తినేవాడు చెరువులో ఉండడు. మన చేతులతో మనమే కలుపుకు దారి చేసినట్టు!

మూడోది మందు. కలుపు మందు కొడితే మొక్క వేగంగా చస్తుంది. తిండి, ఇల్లు పోయి పురుగూ పోతుంది. ఆ నీళ్లు తాగే పశువు, అందులో బతికే చేప సంగతి సరేసరి.

బెళ్లందూరు చెరువునే చూడండి. దాదాపు 900 ఎకరాలతో నగరంలో అన్నిటికన్నా పెద్దది. ఒకప్పుడు కలుపు తగ్గిన చెరువుల్లో అదీ ఒకటి. తర్వాత నగరం పెరిగింది, మురుగు పెరిగింది, కలుపు మళ్లీ కమ్మేసింది. 2015లో నురగ అంటుకుంది. 2017లో, 2018లో మంటలు లేచాయి. నీళ్లలో నిప్పు అంటే దేశమంతా ఆశ్చర్యపోయింది. 2018 డిసెంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ కర్ణాటక ప్రభుత్వాన్ని 500 కోట్ల రూపాయలు విడిగా జమ చేయమని ఆదేశించింది. కోట్లు కుమ్మరించాల్సిన స్థితికి తెచ్చింది పురుగు ఓటమి కాదు. మురుగు గెలుపు.

ఆ నీళ్లు మన ఊళ్లకే

బెళ్లందూరు, వర్తూరు, సర్జాపుర చుట్టుపక్కల తరతరాలుగా తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలున్నాయి. ఒకప్పుడు ఆ చెరువుల కిందే వరి పండించారు. బెళ్లందూరు పొంగితే నీళ్లు వర్తూరుకు, వర్తూరు మరువ దాటితే దక్షిణ పినాకినికి. నంది కొండల్లో పుట్టిన ఆ నది అక్కడి నుంచి సరిహద్దు దాటి హొసూరు దగ్గర కెలవరపల్లి జలాశయానికి చేరుతుంది. ఆ జలాశయం గేట్ల దగ్గర నురగ ఎగిరిపడే దృశ్యాలు పత్రికల్లో చూసినవే. నురగ వచ్చిన దారినే గుర్రపుడెక్క కాడ ఒకటి తేలుతూ రావడానికి ఎంతసేపు? బాగలూరు, బేరికె, హొసూరు వైపు పినాకిని నీళ్లను, వాగులను నమ్ముకున్న తెలుగు రైతుకు బెంగళూరు చెరువు ఆరోగ్యం సొంత చేను సంగతే.

కోలారుది ఇంకో కథ. వానలు మొహం చాటేసిన ఆ జిల్లాకు 2018 జూన్ నుంచి బెంగళూరులో శుద్ధి చేసిన మురుగు నీటిని పంపుతున్నారు. కోరమంగల - చల్లఘట్ట లోయ పథకం కింద రోజుకు 44 కోట్ల లీటర్లతో 126 చెరువులు నింపాలన్నది లక్ష్యం. ఎండిన చెరువుల్లో నీళ్లు కనిపించాయి. బోర్లకు ఊపిరొచ్చింది. దాన్ని కాదనలేం. అయితే రెండో దశ శుద్ధితోనే వచ్చే నీటిలో మొక్కకు కావలసిన ఎరువు ఎంతో కొంత మిగులుతుంది. అలాంటి చెరువులో గుర్రపుడెక్క ఒక్కటి పడితే చాలు. పడ్డాక ఏడవడం కన్నా పడకముందే కనిపెట్టుకోవడం మేలు.

కలుపు కమ్మితే నష్టం ఒక్క చేపకే కాదు. నీటిలోకి గాలి, వెలుతురు దిగవు. ఖాళీ నీటి కన్నా ఎక్కువ నీళ్లు ఆకుల గుండా ఆవిరైపోతాయి. కొన్ని రకాల దోమల పిల్లలు ఈ మొక్కల వేళ్లకే అతుక్కుని గాలి పీల్చుకుంటాయి. బోద వ్యాధిని వ్యాపింపజేసే మాన్సోనియా దోమ అలాంటిదే. చెరువు కింద ఊరున్న ప్రతివారికీ ఇది ఇంటి గొడవే.

ఒక మూల వదిలేయండి

అలాగని యంత్రాలు వద్దు, పురుగే అంతా చూసుకుంటుందని చేతులు కట్టుకుంటే కుదరదు. చెరువు మొత్తం మందంగా కమ్మేసిన చోట ముందు కొంత తీయాల్సిందే. ఎందుకంటే పురుగు తిన్న మొక్క మునిగి అడుగున కుళ్లుతుంది. ఒక్కసారిగా అంత మొక్క కుళ్లితే నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది. తీయడం, పురుగు రెండూ కలిసి సాగాలన్నది జీవ నియంత్రణ శాస్త్రవేత్తలు చెప్పే దారి.

కలుపు తీయించేటప్పుడు పురుగు ఉన్న ఒక మూలను తాళ్లు, వెదుళ్లతో కట్టి అలాగే ఉంచాలి. మిగతాది తీసేయాలి. కొత్త మొలకలు తలెత్తే నాటికి ఆ మూల నుంచి పురుగులు వాటిని అందుకుంటాయి. పురుగు లేని చెరువుకు, పురుగున్న చెరువు నుంచి నాలుగు బుట్టల మొక్కలు తెచ్చి వేస్తే చాలు. అయితే అప్పటికే గుర్రపుడెక్క ఉన్న చెరువుకు మాత్రమే. కలుపు లేని చెరువులో పురుగు కోసం మొక్క తెచ్చి వేశారో.. కోరి కొరివితో తల గోక్కున్నట్టే! పురుగుల విషయంలో సలహాకు బెంగళూరు హెబ్బాళలో జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఉంది. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన డైరెక్టరేట్ కూడా వీటి మీద పనిచేసింది.

అన్నిటికన్నా ముందు కట్టాల్సింది మురుగు కాలువ నోరు. అది తెరిచి ఉన్నంత కాలం పురుగైనా, యంత్రమైనా చేసేది అరువు పనే.

మీ చెరువులో ఉందా? ఇలా చూడండి

* పొద్దున్నే గట్టు దగ్గరి మొక్క ఒకటి లాగండి. ఆకుల మీద చిన్న చతురస్రపు గీరుడు మచ్చలుంటే పురుగు ఉన్నట్టే లెక్క.
* మధ్యలో చుట్టుకుని ఉన్న లేత ఆకును, కాడల మొదళ్లను మెల్లగా విప్పండి. బూడిద లేదా గోధుమ రంగు పురుగు కదలకుండా ముడుచుకుని ఉంటుంది. చచ్చినట్టు నటిస్తుంది. మోసపోకండి.
* కాడను నిలువుగా చీల్చండి. గోధుమ రంగు సొరంగం, అందులో కాళ్లు లేని తెల్లటి పిల్లపురుగు ఉంటే సంతోషించండి.
* వేర్లు చేత్తో తడమండి. మిరియపు గింజంత గుండ్రటి ఉండలు తగిలితే అవే గూళ్లు.
* చూశాక మొక్కను తీసిన చోటే వేయండి. గట్టున పారేయకండి.

బెంగళూరు చెరువులకు ఈ పురుగు వచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది. మన తాతలు పొలం కోసం, పని కోసం ఊరుగాని ఊరొచ్చి ఇక్కడే పాతుకుపోయినట్టే అదీ వచ్చి స్థిరపడింది. అడిగేదల్లా కొంచెం చోటు. ఈసారి మీ ఊరి చెరువులో కలుపు యంత్రం దిగినప్పుడు, డ్రైవరుకు ఒక మాట చెప్పండి. ఆ మూల వదిలేయమని.